తమ్ముడిది ఉద్దానం కిడ్నీ జబ్బా, కెటమిన్ చేసిన పనా?

ప్రశ్న అడిగినామె కవిటి దగ్గరి పల్లె నుంచి రాశారు. బెంగళూరులో ఉద్యోగం చేసే తమ్ముడు పండక్కి ఇంటికొచ్చాడు. పావుగంటకోసారి మూత్రానికి లేస్తున్నాడు. మంట, పొత్తికడుపులో నొప్పి ఉన్నాయి, మధ్యలో ఎరుపు కూడా కనబడింది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ పని చేయలేదు. ఉన్నది ఉద్దానం కాబట్టి ఇంటిల్లిపాదీ కిడ్నీ జబ్బే అని హడలిపోతున్నారు. ఈలోగా అతని బ్యాగులో తెల్ల పొడి పొట్లం దొరికింది. నిలదీస్తే, "కెటమిన్. ఆస్పత్రిలో చంటిపిల్లలకి కూడా ఇస్తారు, డిప్రెషన్‌కీ ఇదే మందు. ఏటీ అవదప్పా" అన్నాడట. వచ్చే వారం తిరుగు ప్రయాణం. నిజంగా ఏమీ కాదా, పోలీసు గొడవ లేకుండా ఎక్కడ చూపించాలి, అమ్మకు చెప్పాలా అని అడుగుతున్నారు.

నేను శ్రీకాకుళంలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్ని. కెటమిన్ అలా ఇచ్చే మత్తు మందే, దాన్ని చేత్తో పట్టుకుని పని చేసేవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. ముందు మీకు కావలసిన జవాబు.

మీరు రాసిన లక్షణాలు ఉద్దానం జబ్బు తీరులో లేవు. కెటమిన్ వల్ల మూత్రసంచి దెబ్బతినే తీరులో ఉన్నాయి. మనిషిని చూడకుండా ఖాయం అనను. కానీ ఈ వారంలోనే యూరాలజిస్టుకు చూపించండి, కెటమిన్ సంగతి ఆయనకు దాచకుండా చెప్పించండి. పొడి పూర్తిగా మానేయడమే దీనికి అసలు వైద్యం. మిగతా మందులన్నీ దానికి తోడు మాత్రమే.

ఉద్దానం జబ్బు కాదని ఎందుకంటున్నానంటే, అది చప్పుడు చేయని జబ్బు. మంట ఉండదు, పరుగులు ఉండవు, రక్తం కనబడదు. జీడితోటల్లోనో కొబ్బరితోటల్లోనో పని చేసుకునే మనిషి నీరసంగా ఉందని వస్తాడు, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టలేకపోతే రక్తంలో పెరిగే వ్యర్థం) చూస్తే అప్పటికే చాలా పెరిగి ఉంటుంది. మీ తమ్ముడి కథ అందుకు తిరగబడి ఉంది: మొదటి రోజు నుంచీ గోలే. గోల చేసేది కింది సంచి. కిడ్నీ సంగతి ఆ తర్వాత వస్తుంది, దాని గురించి కూడా చెబుతాను.

కెటమిన్‌ను కాలేయం విడగొడుతుంది, ఆ ముక్కలు చాలావరకు మూత్రంలోనే బయటికి పోతాయి. పోయే ముందు గంటల తరబడి మూత్రసంచిలో నిలవుంటాయి. అప్పుడప్పుడూ ఆస్పత్రిలో ఒక డోసు తీసుకున్నవాడికి దీంతో ఏమీ కాదు. వారానికి చాలాసార్లు పీల్చేవాడికి సంచి లోపలి పొర ఒరుసుకుపోయి, పుండుపడి, గోడ మందమవుతుంది. మామూలుగా పెద్దవాళ్ల సంచిలో నాలుగైదు వందల మిల్లీలీటర్లు పడతాయి. ముదిరిన కేసుల్లో అది ఎండిన తోలు తిత్తిలా బిగుసుకుపోయి వంద కూడా పట్టదు. అందుకే పావుగంటకోసారి లేవడం. ఈ జబ్బును కెనడా డాక్టర్లు 2007లో మొదట రాశారు, ఆ వెంటనే హాంకాంగ్ నుంచి కూడా కేసులు బయటికొచ్చాయి. నేను చదువుకున్న రోజుల్లో పుస్తకాల్లో ఈ మాటే లేదు. కాబట్టి మీ ఊరి ఆర్‌ఎంపీకి తట్టలేదంటే ఆయన్ని తిట్టకండి.

ఇందులో దుర్మార్గమైన సంగతి ఇంకోటుంది. కెటమిన్ గట్టి నొప్పి మందు కూడా. సంచి మండుతుంటే మళ్లీ పొడి పీలిస్తే ఆ కాసేపు మంట తెలియదు. తగ్గింది కదా అని మళ్లీ పీలుస్తారు, లోపల ఇంకాస్త పాడవుతుంది. మీ తమ్ముడు "ఇది వేసుకుంటేనే నొప్పి తగ్గుతోంది" అన్నాడంటే అబద్ధమాడుతున్నాడని అనుకోవద్దు. నిజమే చెబుతున్నాడు, చిక్కు కూడా అక్కడే ఉంది.

ఒక కేసు చెబుతాను, గుర్తుపట్టే వివరాలు లేకుండా. సిస్టోస్కోపీ కోసం, అంటే సంచిలోకి కెమెరా పెట్టి చూడ్డానికి, మత్తు ఇవ్వాలని ఒక కుర్రాణ్ణి నా దగ్గరికి పంపారు. అంతకుముందు ఎక్కడో టీబీ మందులు మొదలుపెట్టారు. అలా మొదలుపెట్టడంలో వింతేమీ లేదు: మన దేశంలో సంచి చిన్నదైపోయి, మూత్రంలో చీము కణాలు, రక్తం ఉండి, కల్చర్‌లో ఏ క్రిమీ పెరగకపోతే ఏ డాక్టరైనా మొదట మూత్రనాళాల టీబీనే అనుమానిస్తాడు. కెటమిన్ సంచి కూడా పరీక్షల్లో అచ్చం అలాగే కనబడుతుంది. మత్తుకు ముందు అందర్నీ అడిగినట్టే అతన్నీ అడిగాను, ఏమైనా అలవాట్లున్నాయా అని. లేవన్నాడు. కాసేపాగి, "సార్, నాకు కెటమిన్ ఇస్తే పని చేస్తుందా?" అన్నాడు. మత్తు మందు పేరు పేషంటు నోట రావడమే అరుదు, పని చేస్తుందా అని అడిగేవాడు అసలుండడు. తలుపేసి మాట్లాడితే అంతా చెప్పాడు. అందుకే అంటున్నాను, యూరాలజిస్టుకు నిజం చెప్పకపోతే మీ తమ్ముడికి నెలల తరబడి వేరే జబ్బు మందులు పడతాయి. అలాగని టీబీ కాదని మనమే తేల్చేయకూడదు. మూత్రంలో టీబీ పరీక్ష కూడా చేయించమనండి, రెండూ ఉండకూడదని రూలేమీ లేదు.

ఇప్పుడు "చంటిపిల్లలకి కూడా ఇస్తారు" అన్న మాట. నిజమే, ఇస్తాం. నాకు చాలా ఇష్టమైన మందుల్లో ఇదొకటి. 1962లో అమెరికాలో తయారైంది, 1970లో అక్కడ అనుమతి వచ్చింది, వియత్నాం యుద్ధంలో గాయపడ్డవాళ్లకు బాగా వాడారు. 1985 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మిగతా మత్తు మందుల్లా ఊపిరినీ బీపీనీ ఒక్కసారిగా పడగొట్టదు. కరెంటు, ఆక్సిజన్ మీద నమ్మకం లేని చోట దీన్ని మించిన తోడు లేదు. 2018లో తిత్లీ తుపాను తర్వాత చీకటిలో ఉన్న రోజుల్లోనూ, ఏజెన్సీ ఊళ్ల నుంచి కాలిన గాయాలతో వచ్చే పిల్లలకు కట్లు మార్చేటప్పుడూ ఇదే ఆదుకుంది.

కానీ ఆ పిల్లాడికి మేం ఇచ్చే పద్ధతి చూడండి. ఆరు గంటల ముందు నుంచి అన్నం పెట్టొద్దంటాం. కిలోల లెక్కన బరువు తూచి డోసు కడతాం. నోట్లో ఉమ్మి ఊరకుండా ఒక మందు, పీడకలలు రాకుండా ఒక మందు తోడు ఇస్తాం. వేలికి ఆక్సిజన్ క్లిప్పు, చేతికి బీపీ పట్టీ ఉంటాయి. పక్కనే సక్షన్, ఊపిరి అందించే బ్యాగు సిద్ధంగా ఉంటాయి. లేచేవరకూ తల దగ్గర నుంచి నేను కదలను. పిల్లాడు క్షేమంగా ఇంటికెళ్లేది ఇన్నీ ఉండబట్టి. ఇన్నీ ఉన్నా ఎప్పుడో ఒకసారి గొంతు పట్టేస్తుంది, ఊపిరి ఆడదు. అప్పుడు పక్కన మనిషి లేకపోతే అంతే.

బెంగళూరు గదిలో ఏముంటుంది? బిర్యానీ తిన్న కడుపు, బీరు, తూకం తెలియని పొడి, తనలాగే మత్తులో ఉన్న స్నేహితులు. వాంతి అయితే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మద్యం, నిద్రమాత్రలు, మత్తు కలిగించే నొప్పి మాత్రలు, వీటిలో ఏది కలిసినా ఊపిరి ఆగే ప్రమాదం చాలా పెరుగుతుంది. ఇక ఆ పొట్లంలో ఉన్నది కెటమినే అని అమ్మినవాడి మాట తప్ప సాక్ష్యం లేదు. "పింక్ కొకైన్" పేరుతో అమ్మే దాంట్లో కూడా తరచుగా కెటమిన్, ఇంకేవో కలిసి ఉంటాయి.

మనసుకు ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే జనం దీని వెంట పడేది ఆ అనుభవం కోసమే. ఈ మందు మెదడులో కబుర్లు మోసే ఒక దారిని మూసేస్తుంది. కళ్లు తెరిచే ఉంటాయి, ఒంటికి నొప్పి తెలియదు, మనిషి మాత్రం ఆ ఒంట్లో లేనట్టుంటాడు. కాలికి ఆపరేషనైన ఒక పెద్దాయన మెలకువ వచ్చాక, "నాను సూరుకాడ కూకున్నాను బాబూ, కింద నా కాలు ఎవులో కోస్తన్నారు" అన్నాడు. ఆయన నవ్వుతూనే చెప్పాడు. కొందరు మాత్రం చచ్చిపోయామనుకుని ఏడుస్తూ లేస్తారు. కొందరు కొట్టబోతారు. మా దగ్గర ఆ అరగంటకు ఒక నర్సు చేయి పట్టుకుని కూర్చుంటుంది.

బయట ఎక్కువ డోసు పీల్చినవాడు కదల్లేడు, మాట్లాడలేడు, పిలిస్తే పలకడు. "కె-హోల్" అని వాళ్లు గొప్పగా చెప్పుకునేది ఈ స్థితినే. ఆ సమయంలో కాలు విరిగినా తెలియదు. మేడ పిట్టగోడ మీదున్నా, బైకు మీదున్నా, నీళ్లలో ఉన్నా అంతే సంగతి. హాలీవుడ్ నటుడు మాథ్యూ పెర్రీ 2023 అక్టోబరులో ఇంట్లో వేడినీళ్ల తొట్టిలో చనిపోయాడు. కెటమిన్ ప్రభావమే ప్రధాన కారణమనీ, నీట మునగడం, గుండె జబ్బు, ఇంకో మందు తోడయ్యాయనీ శవపరీక్ష నివేదికలో తేల్చారు. మీకు బారువ బీచ్ దగ్గర, ఇంట్లో బావులు, ఊళ్లో చెరువులు. అతను మానేశాడని మీకు నమ్మకం కుదిరేదాకా ఒంటరిగా నీళ్ల దగ్గరికి వెళ్లనివ్వకండి.

ఎక్కువ కాలం వాడినవాళ్లలో జ్ఞాపకశక్తి తగ్గుతుంది. నిన్న ఎవరితో ఏం మాట్లాడిందీ గుర్తుండదు, ఆఫీసులో పని జారిపోతుంది. మానేస్తే చాలావరకు తిరిగొస్తుంది. డొక్కల కింద, కడుపు పైభాగంలో మెలితిప్పే నొప్పి కూడా వస్తుంటుంది, గ్యాస్ అనుకుని యాంటాసిడ్ తాగుతారు. పైత్యరసం వెళ్లే గొట్టం ఉబ్బి, కాలేయం పరీక్షలు తేడా వచ్చినవాళ్లున్నారు. మొదట్లో చిటికెడుతో వచ్చే మత్తు కొన్నాళ్లకు అందుకు ఎన్నో రెట్లు వేసుకున్నా రాదు. పీల్చేది ఎంత పెరిగితే సంచిలోకి దిగేది అంత.

"డిప్రెషన్‌కీ ఇదే మందు" అన్నది సగం నిజం, ఆ సగమే కుర్రాళ్లను పాడు చేస్తోంది. దీని దగ్గరి చుట్టం ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకి 2019లో అమెరికాలో అనుమతి ఇచ్చారు, వేరే మందులకు లొంగని డిప్రెషన్‌కి. దాన్ని ఇంటికి ఇవ్వరు. క్లినిక్‌లోనే పీల్చుకోవాలి, కనీసం రెండు గంటలు బీపీ చూస్తూ కూర్చోబెడతారు, మర్నాటిదాకా బండి నడపొద్దంటారు. డోసు కూడా మత్తు డోసు కంటే చాలా తక్కువ. అయితే ఒకటి: మీ తమ్ముడు ఆ మాట ఊరికే అన్నాడా, నిజంగానే దిగులుతో ఉన్నాడా? అది అడగండి. నేను చూసినవాళ్లలో సరదాగా మొదలుపెట్టినవాళ్లకంటే నిద్రపట్టక, ఏదో బరువు మోయలేక అందులోకి జారినవాళ్లు మానడానికి ఎక్కువ సాయం కావలసివచ్చింది.

ఇక చేయాల్సినవి.

ఇప్పటి నుంచి మూడు రోజులు ఎన్ని గంటలకు మూత్రానికి వెళ్లాడు, ఒక్కోసారి ఎంత వచ్చింది అన్నది రాయమనండి. ఎంఎల్ గీతలున్న ప్లాస్టిక్ కప్పు చాలు. ఖర్చు లేని ఈ కాగితం యూరాలజిస్టుకు స్కానింగ్ అంత ఉపయోగం. నీళ్లు తగ్గించొద్దు, టీ కాఫీలు తగ్గించాలి. మూత్రపరీక్ష, కల్చర్, క్రియాటినిన్, కాలేయం పరీక్ష, కిడ్నీలకూ సంచికీ అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించండి. సంచి గోడ బిగుసుకుంటే మూత్రం వెనక్కి ఒత్తి కిడ్నీలు ఉబ్బుతాయి, కిడ్నీ సంగతి ఇందాక వాయిదా వేసింది ఇందుకే. మీ ప్రాంతపు మనిషికి ఈ విషయంలో ఆలస్యం అసలు పనికిరాదు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు షాపులో కొని వేయకండి. అవి కిడ్నీకి చెరుపు చేయొచ్చు.

పరీక్షలకు పలాస కిడ్నీ ఆస్పత్రి మీకు దగ్గర. శ్రీకాకుళంలో మనవాళ్లు ఇప్పటికీ రిమ్స్ అనే ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. సిస్టోస్కోపీ కావాలంటే విశాఖ కేజీహెచ్‌కి వెళ్లాల్సి రావచ్చు. మాన్పించడానికి విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, ఫోన్‌లో అయితే డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, దిగులు, నిద్రలేమికి టెలి మానస్ 14416. కెటమిన్ అలవాటును విరిచే ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. మానిన మొదటి వారాల్లో ఆత్రం, చిరాకు, వణుకు, నిద్రలేమి ఉంటాయి. ప్రాణాపాయం సాధారణంగా ఉండదు, మనసు మాత్రం బాగా కుంగుతుంది, కనిపెట్టి ఉండాలి. రోజూ మద్యం కూడా తాగే అలవాటుంటే ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పండి, అది ఒక్కసారిగా మానితే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది.

మానేశాడో లేదో పట్టుకోవడం కష్టం. మన దగ్గర పెద్దవాళ్లకు తెలిసింది గంజాయి: వాసన, ఎర్రటి కళ్లు. దీనికి అలాంటి వాసన ఉండదు. మందుల షాపులో దొరికే మామూలు మూత్రం కిట్లు చాలావాటిలో కెటమిన్ తేలదు, కాబట్టి "నెగెటివ్ వచ్చింది చూడు" అంటే సంబరపడొద్దు. తూలుతూ నడవడం, మాట ముద్దగా రావడం, కనుగుడ్లు పక్కలకు అదరడం, ఎటో చూస్తుండిపోవడం, అవి గమనించండి.

ఒకవేళ మత్తులో పడి ఉన్నాడనుకోండి: ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఉమ్మి, వాంతి ఉంటే బయటికి కారిపోయేలా చూడండి. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు నీళ్లు ఏవీ పోయొద్దు, వాంతి చేయించొద్దు. నోట్లో పోసింది పోసినట్టు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లైట్లు తగ్గించి, గట్టిగా అరవకుండా మెల్లగా మాట్లాడుతూ పక్కనే ఉండండి. ఊపిరి గురకలా, ఆగి ఆగి వస్తున్నా, పెదాలు నల్లబడినా, ఫిట్స్ వచ్చినా 108కి ఫోన్ చేసి ఏం పీల్చాడో చెప్పండి. దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదు. మత్తు దిగేదాకా ఊపిరి నిలబెట్టడమే మేం చేసేది.

పోలీసుల భయం అన్నారు. 2011 ఫిబ్రవరిలో కెటమిన్‌ను మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కిందికి తెచ్చారు, కాబట్టి డాక్టరు చీటీ లేకుండా దగ్గరుంచుకోవడం నేరమే. ఆ పొట్లాన్ని సాక్ష్యంగా దాచడం, డాక్టరుకు చూపిద్దామని పట్టుకెళ్లడం రెండూ వద్దు. రుచి చూసి పోల్చుకునే ప్రయత్నం అసలే వద్దు. ఇదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది: తనంతట తాను వైద్యానికి వచ్చిన బానిసకు, వాడకం, చిన్న మోతాదు వరకు, విచారణ నుంచి రక్షణ ఉంటుంది. వైద్యం మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఓపీకి నడిచొచ్చి "నాకీ అలవాటుంది, మూత్రం మండుతోంది" అని చెప్పిన మనిషి మీద మేం పోలీసులకు ఫోన్ చేయం. స్పృహ లేకుండా ఎమర్జెన్సీకి తెస్తే మాత్రం మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలియజేసే కేసుగా, రాయడం ఆస్పత్రుల పద్ధతి. నడవగలిగినప్పుడే తీసుకెళ్లమనడానికి ఇదీ ఒక కారణం.

ఎంతవరకు బాగవుతుంది? వాడి ఎక్కువ కాలం కాకపోతే, మానేసిన కొన్ని వారాల్లో, నెలల్లో చాలామందికి మంట, పరుగులు తగ్గుతాయి. గోడ మచ్చకట్టి బిగుసుకుపోయాక మానినా పూర్తిగా మెత్తబడదు. అప్పుడు సంచిలోకి మందు ఎక్కించడం, చివరికి పేగు ముక్కతో సంచిని పెద్దది చేసే ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లున్నారు. పీలుస్తూనే ఉన్నవాడికి ఆ ఆపరేషన్ చేసినా ఫలితం నిలవదు, అందుకే యూరాలజిస్టులు ముందు మానమంటారు. మీ తమ్ముడు ఏ మెట్టు మీదున్నాడో స్కాన్, సిస్టోస్కోపీ చూస్తేగానీ తెలియదు.

వచ్చే వారం ప్రయాణం మాత్రం ఆపించండి. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ టికెట్ రద్దు చేస్తే పోయేది కొద్ది డబ్బు. అక్కడికెళ్తే అదే గది, అదే స్నేహితులు, నొప్పి వస్తే అదే పొడి. ఆఫీసుకు యూరాలజీ జబ్బు అని మెడికల్ సర్టిఫికెట్ పెట్టొచ్చు, అందులో అబద్ధమేమీ లేదు.

అమ్మకు చెప్పాలనే నా అభిప్రాయం. మీరు చెప్పకండి, అతని చేతే చెప్పించండి, మీరు పక్కన కూర్చోండి. క్రియాటినిన్ రిపోర్టు చేతికొచ్చాక అయితే మంచిది. ఎందుకంటే ఉద్దానంలో ఏ తల్లికైనా మొదట వచ్చే ప్రశ్న డయాలసిస్ గురించే. దానికి అంకెతో జవాబు ఉంటే మిగతాది వినే ఓపిక వస్తుంది. రిపోర్టులు వచ్చాక పేర్లు చెరిపేసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.